కూడికల పజిల్ పుస్తకం: కొన్నది పాపకి, పట్టుకెళ్లింది మావయ్య

ఇది పెద్ద కంపెనీ సరుకేమీ కాదు. విజయనగరంలో గంటస్తంభం దగ్గర సందులో స్టేషనరీ షాపుకి జూన్‌లో నోట్‌బుక్కుల కోసం వెళ్తే, అట్టల కట్టల వెనక దుమ్ము పట్టి కనిపించిన పజిల్ పుస్తకం. 96 పేజీలు, వెల 180, మిగతావాటితో కలిపి కొన్నాం కాబట్టి 160కి ఇచ్చాడు. ఇప్పుడు సంక్రాంతి దగ్గరకొచ్చింది, అంటే ఆరు నెలలు దాటి వాడాక రాస్తున్నాను. పుస్తకం పేరు, వేసినవాళ్ల పేరు రాయట్లేదు, ఎందుకంటే అందులో రెండు తప్పులు దొరికాయి, వాటి గురించే ఎక్కువ రాయబోతున్నా. అయినా సరే కొనమనే చెప్తాను, అదెలాగో చదివితే మీకే తెలుస్తుంది.

ముందు మా ఇంటి సంగతి. పాప నాలుగో తరగతి. లెక్కల్లో మార్కులకి లోటు లేదు. 468, 357 ఒకదాని కింద ఒకటి వేసి ఇస్తే "చేతిలో ఒకటి, చేతిలో ఒకటి" అనుకుంటూ 825 అని చక్కగా వేసేస్తుంది. అదే పిల్లని కూరగాయల బండి దగ్గర నిలబెట్టి వంకాయలు 35, టమాటాలు 28, వంద ఇస్తే ఎంత వెనక్కి రావాలే అంటే వేళ్లు బయటికొస్తాయి, తర్వాత నా ముఖం చూస్తుంది, తర్వాత బండివాడి ముఖం చూస్తుంది, వాడు నవ్వుకుంటూ 37 ఇచ్చేస్తాడు. దానికి కూడిక అంటే పై నుంచి కిందికి ఒకటే దారి. 13 కావాలంటే 5కి ఎంత కలపాలి అని తిప్పి అడిగితే ఆగిపోతుంది. నాకు పదో తరగతితోనే లెక్కల బాకీ తీరిపోయింది కాబట్టి నేను నేర్పే సీను లేదు. ట్యూషన్ పెడదామా అనుకుంటుండగా ఈ పుస్తకం చేతికొచ్చింది.

పుస్తకంలో మూడు భాగాలున్నాయి. మొదటిది సంఖ్యా గోపురాలు. కింద మూడు గళ్లు, వాటి మీద రెండు, ఆ పైన ఒకటి. పక్కపక్కన ఉన్న రెండు కలిపి పై గడిలో వేయాలి. కింద 3, 5, 2 ఉంటే పైన 8, 7, శిఖరం మీద 15. ఇందులో ఏముంది, మామూలు కూడికే కదా అనుకున్నా. నాలుగో పేజీకి వచ్చేసరికి కింద అంకెలు ఇచ్చి, వాటిని ఎలా పేరిస్తే శిఖరం పెద్దదవుతుంది అని అడిగాడు. పాప 5, 3, 2 అని పేర్చి 13 తెచ్చింది, మళ్లీ మార్చింది, 5ని మధ్యకి తెస్తే 15 అయింది. "మధ్యలో ఉన్నోడు అటూ ఇటూ రెండు వైపులా వాటా ఇస్తాడమ్మా" అంది. నేను స్టవ్ దగ్గర ఉన్నాను, పోపు మాడింది. ఎవరూ చెప్పకుండా దానంతట అది పట్టుకుంది ఆ మాట. ఆ ఒక్క పేజీకే నా 160 వచ్చేసినట్టు అనిపించింది.

రెండో భాగం మాయా చదరాలు, దాని గురించి తర్వాత. మూడోది కాకురో. అసలు సరుకంతా అక్కడే ఉంది, గొడవలూ అక్కడే.

కాకురో తెలియనివాళ్లకి: పేపర్లో వచ్చే గళ్ల నుడికట్టులాగే అడ్డం, నిలువు ఉంటాయి, కానీ ఆధారాల బదులు మొత్తాలు ఇస్తారు. ఆ వరసలో గళ్లన్నీ కలిపితే ఆ మొత్తం రావాలి. 1 నుంచి 9 వరకే వాడాలి, ఒక వరసలో ఒక అంకె రెండోసారి రాకూడదు. అంతే, వేరే నిబంధన లేదు. పేరు జపాన్‌ది గానీ ఆట పుట్టింది అమెరికా పజిల్ పత్రికల్లోనట, 'క్రాస్ సమ్స్' అనేవారు. జపాన్‌లో నికోలీ అనే పజిల్ పత్రిక వాళ్లు తీసుకెళ్లి కూడిక అనే వాళ్ల మాటనీ క్రాస్ అనే మాటనీ కలిపి కాకురో చేశారు. సుడోకు వచ్చింది కదా ఇంకెందుకు అంటారేమో, సుడోకులో కూడిక లేదండీ. అంకెల బదులు అ ఆ ఇ ఈ పెట్టినా ఆట అలాగే నడుస్తుంది. కాకురోలో అది కుదరదు, ప్రతి గడికీ లెక్క కట్టాల్సిందే, అది కూడా వెనక నుంచి ముందుకి, అంటే మొత్తం తెలుసు, ముక్కలు తెలియవు. మా పాపకి కావాల్సింది సరిగ్గా అదే.

ఒక చిన్నది చూపిస్తా. నాలుగే గళ్లు. పై వరస మొత్తం 4, కింది వరస మొత్తం 16. ఎడమ నిలువు 8, కుడి నిలువు 12. రెండు గళ్లలో 4 అంటే 1, 3 మాత్రమే, ఎందుకంటే 2, 2 వేయకూడదు. 16 అంటే 7, 9 మాత్రమే. ఇప్పుడు ఎడమ నిలువు 8: పైన 3 వేస్తే కింద 5 కావాలి, కిందేమో 7 గానీ 9 గానీ ఉండాలి, కాబట్టి కుదరదు. పైన 1, కింద 7. ఇక కుడి వైపు 3, 9, మొత్తం 12, సరిపోయింది. ఊహించి వేసింది ఒక్కటీ లేదు చూడండి. మొదట్లో పాప "10 అంటే 5, 5 ఎందుకు వద్దు" అని అరగంట పోట్లాడింది, తర్వాత 1-9, 2-8, 3-7, 4-6 అని తనే వరసగా చెప్పడం మొదలుపెట్టింది. ఎక్కాలు వల్లించినట్టు కాదు, గడి చూసి అవసరమైనది తీసుకోవడం.

ఇక్కడ మా మావయ్య గారు వస్తారు. ఆయన నలభై ఏళ్లు రైస్ మిల్లులో గుమాస్తాగా చేశారు. కాలిక్యులేటర్ అంటే పడదు. సాయంత్రం కరెంటు పోయి అందరం వరండాలో కూర్చుంటే, మనవరాలి చేతిలో పుస్తకం లాక్కుని "ఇదేటి, మా చిట్టాలా ఉందే" అన్నారు. ఆ రోజు నుంచి ఆ పుస్తకం మీద ఆయన హక్కు. పాప స్కూలుకెళ్లాక తీసి చూసుకుంటారు, పెన్సిల్‌తో రాయరు పాపం, పాత క్యాలెండర్ కాగితం వెనక గళ్లు గీసుకుని చేసుకుంటారు.

మొదటి తప్పు 44వ పేజీలో. ఇది కూడా నాలుగు గళ్లదే. పైన 4, కింద 16, నిలువులు రెండూ 10, 10. పాప పైన 1, 3, కింద 9, 7 వేసింది. వెనక జవాబు చూస్తే 3, 1, 7, 9 అని ఉంది. ఇంకేముంది, ఏడుపు. చెరిపేసింది, మళ్లీ చేసింది, మళ్లీ అదే వచ్చింది, ఇంకోసారి ఏడుపు. "నాకు రాదు, నేను చెయ్యను" అని పుస్తకం మంచం కిందికి తోసేసింది. నేను కూడా పుస్తకాన్నే నమ్మాను, అచ్చులో ఉంటే అదే నిజం అనుకునే అలవాటు కదా మనకి. మావయ్య గారు తీరిగ్గా కళ్లజోడు పెట్టుకుని నాలుగు వైపులా కూడి "ఒలే, నీదీ సరిపోయింది, ఆడిదీ సరిపోయింది, ఏడవడమెందుకు" అన్నారు. నిజమే. 1, 3, 9, 7 వేసినా పది, పది వస్తాయి, 3, 1, 7, 9 వేసినా పది, పది వస్తాయి. నిలువులు రెండూ ఒకే మొత్తం కావడంతో ఎడమ, కుడి తారుమారు చేసినా పట్టుబడదు. మంచి పజిల్‌కి జవాబు ఒకటే ఉండాలి, పుస్తకం వేసినవాళ్లు అది సరిచూసుకోవాలి. పెద్దవాళ్లకైతే ఇది నవ్వుకునే విషయం, తొమ్మిదేళ్ల పిల్లకి మాత్రం తన మీద తనకి నమ్మకం పోయే విషయం. మార్కు పెట్టాల్సి వస్తే ఈ పేజీకి సున్నా.

రెండో తప్పు 61వ పేజీ, పెద్ద గళ్లది. ఇది మాత్రం మా ఇంట్లో కథలా చెప్పుకుంటున్నాం. పాప ఒక మూల తీసుకుని కదలకుండా కూర్చుంది. "తాతా, రెండు గళ్లకి 21 ఇచ్చాడు, రెండు గళ్లలో 8, 9 కంటే ఎక్కువ రాదు కదా, 17 దాటదు కదా" అంది. ఆయన అప్పుడు వినిపించుకోలేదు, ఆయన పద్ధతి ఆయనది. అడ్డం మొత్తాలన్నీ ఒక వైపు కూడారు, నిలువు మొత్తాలన్నీ ఇంకో వైపు కూడారు. అడ్డం 112, నిలువు 103. "తాళా పడట్లేదు" అన్నారు. నాకు అర్థం కాలేదు, అడిగితే చెప్పారు: మనం అంకె వేసే గడి ప్రతిదీ అడ్డం వరసలో ఒకసారి, నిలువు వరసలో ఒకసారి లెక్కలోకి వస్తుంది, కాబట్టి అడ్డం మొత్తాలన్నీ కలిపినా నిలువు మొత్తాలన్నీ కలిపినా ఒకటే రావాలి. జమా ఖర్చూ లాంటిదే అన్నమాట. ఇంతటితో ఆగలేదు. తేడా 9. "తొమ్మిది తేడా వచ్చిందంటే అంకెలు అటూ ఇటూ అయ్యుంటాయే, చిట్టాలో అయితే ముందు అదే చూస్తాం" అని, 21 మీద వేలు పెట్టి "ఇది పన్నెండు" అన్నారు. 21, 12 తేడా తొమ్మిదే. 12 వేసి చేస్తే గళ్లన్నీ వచ్చేశాయి. పాప చేసింది ఒక దారి, ఆయన చేసింది ఇంకో దారి, ఇద్దరూ ఒకే గడి దగ్గర తేలారు. నేనే ముందు చెప్పానని పాప, నేనే రుజువు చేశానని ఆయన, రెండు రోజులు మాటల్లేవు.

పుస్తకం వెనక ఇచ్చిన నంబరుకి ఫోన్ చేశాను. ఎత్తినాయన మర్యాదగానే మాట్లాడారు, పేజీ నంబర్లు రాసుకున్నారు, మళ్లీ అచ్చు వేసినప్పుడు సరిచేస్తాం అన్నారు. ఒక సవరణ కాగితమన్నా వేసి షాపులకి పంపండి అంటే "చూస్తామండి" అన్నారు. మన దగ్గర చూస్తామండి అంటే ఏమిటో మీకు తెలుసు. కొన్నవాళ్లు ఎవరన్నా ఉంటే 44లో రెండు జవాబులూ ఒప్పుకోండి, 61లో 21ని 12గా దిద్దుకోండి.

ఇంకో లోపం అచ్చుతప్పు కాదు, బుర్రతప్పు. 52వ పేజీ దాకా నాలుగు గళ్లు, తొమ్మిది గళ్లు అని మెల్లగా నడిపించి, 53లో ఒక్కసారిగా పేజీ నిండా గళ్లు పెట్టేశాడు. మధ్యలో మెట్టు లేదు. పిల్లలు అక్కడే వదిలేస్తారు. పైగా ఏ మొత్తానికి ఏ అంకెలు అనే పట్టిక ఎక్కడా ఇవ్వలేదు, అది లేకుండా పెద్దవి చేయడం కష్టం. మావయ్య గారు ఒక శుభలేఖ వెనక రాసిచ్చారు, ఇప్పుడు పుస్తకంలో అదే బుక్‌మార్క్. మీరూ రాసుకోండి: రెండు గళ్లకైతే 3, 4, 16, 17. మూడు గళ్లకైతే 6 అంటే 1, 2, 3. 7 అంటే 1, 2, 4. 23 అంటే 6, 8, 9. 24 అంటే 7, 8, 9. నాలుగు గళ్లకి 10, 11, 29, 30. వీటన్నిటికీ ఒకటే జట్టు కుదురుతుంది, కాబట్టి పెద్ద పజిల్‌లో ముందు ఇవి ఎక్కడున్నాయో వెతికి అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఇంత ముఖ్యమైన సంగతి పుస్తకం అట్ట మీద వేయాల్సింది పోయి అట్ట మీద కళ్లజోడు పెట్టుకున్న గుడ్లగూబ బొమ్మ వేశారు.

కాగితం గురించి రెండు ముక్కలు. పల్చన. రెండోసారి రబ్బరు పెడితే నూగు లేస్తుంది, మూడోసారి చిరుగుతుంది. పజిల్ పుస్తకానికి చెరపడమే కదా పని, అక్కడ పిసినారితనమేంటో. గళ్లు మాత్రం పెద్దవిగా ఉన్నాయి, మూలన చిన్న చిన్న అంకెలు రాసుకునే చోటు ఉంది, అది మెచ్చుకోవాలి. జవాబులు చివర్లో తలకిందులుగా అచ్చు వేశారు, తొంగి చూడకుండా. మా పాప పుస్తకాన్నే తిప్పేస్తుంది, అది వేరే విషయం.

ఇక మాయా చదరాలు. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి శ్రీకాకుళం నుంచి మా ఆడపడుచు వాళ్లొచ్చారు. తొలేళ్ల రోజు, అంటే సిరిమానుకి ముందు రోజు, రాత్రి ఇల్లంతా జనం, పిల్లలకి నిద్ర లేదు. వాళ్ల అబ్బాయి ఏడో తరగతి, ఫోన్లో నంబర్ గేములు ఆడతాడు, మన పుస్తకం చూసి "అత్తా, దీనికి యాప్ ఉంది కదా, పుస్తకం ఎందుకు" అన్నాడు. సరే ఇద్దరూ చేయండి అని మూడు గళ్ల చదరం ఇచ్చాం, 1 నుంచి 9 వరకు వేసి ఎటు కూడినా 15 రావాలి. వాడు అంకెలు వేస్తూ తీస్తూ పోయాడు, ఫోన్లో హింట్ నొక్కే అలవాటు. మా పిల్ల ముందు మధ్య గడిలో 5 వేసింది. ఎందుకు 5 అంటే చెప్పలేకపోయింది, అయితే పుస్తకంలో కారణం ఉంది, బాగా రాశారు: మధ్య గడి మీదుగా నాలుగు వరసలు పోతాయి, నాలుగు పదిహేనులు 60. ఆ నాలుగింటిలో మధ్య అంకె నాలుగుసార్లు, మిగతా ఎనిమిదీ ఒక్కోసారి వచ్చాయి. 1 నుంచి 9 కలిపితే 45, మిగిలింది 15, అది మధ్య అంకె మూడుసార్లు ఎక్కువ రావడం వల్ల, కాబట్టి 5. ఈ పేరా నేను మూడుసార్లు చదివాను. మూడోసారి అర్థమైనప్పుడు, స్కూల్లో ఎవరన్నా ఇలా చెప్పుంటే నేను కూడా ఇంకో రెండేళ్లు లెక్కలు చదివేదాన్నేమో అనిపించింది.

ఆ భాగం చివర రామానుజన్ చదరం ఉంది. పై వరస 22, 12, 18, 87, ఆయన పుట్టినరోజు, 1887 డిసెంబర్ 22. ఎటు కూడినా 139. మన పుట్టినరోజుతో ఎలా చేసుకోవాలో కూడా ఇచ్చాడు. పాప తనది వేసింది, 14, 3, 20, 16. మొత్తం 53 వస్తోంది గానీ లోపల 17 రెండుసార్లు వచ్చింది, 15, 16, 18 కూడా అంతే, ఒక చోట సున్నా పడింది. పాప తేదీ 14, నాలుగో గడి 16, దగ్గర దగ్గర అంకెలు, మూడో గడిలో 20 కూడా ఎంతో దూరం కాదు, కాబట్టి ఇలా తగులుకున్నాయి. పాప ముఖం మాడ్చుకుంది. మావయ్య గారిది 1954 జూన్ 8. వేసి చూశాం:

8, 6, 19, 54
55, 18, 3, 11
4, 10, 56, 17
20, 53, 9, 5

ఒక్క అంకె కూడా రెండోసారి రాలేదు. ఎటు కూడినా 87, మూలల నుంచి మూలలకి కూడా, కావాలంటే కూడి చూడండి. వచ్చిన చుట్టాలందరి చేతా కూడించారు. మర్నాడు సిరిమాను చూడ్డానికి కోట వైపు వెళ్తూ దారిలో కనిపించిన పాత మిల్లు స్నేహితుడికి కూడా చెప్పారు. ఇప్పుడది దేవుడి గదిలో క్యాలెండర్ పక్కన అంటించి ఉంది.

యాప్ గురించి కూడా న్యాయంగా రాయాలి. మేనల్లుడు వెళ్తూ నా ఫోన్లో ఒకటి వేసిచ్చాడు, ఉచితం. తప్పు వేస్తే వెంటనే ఎర్రగా చూపిస్తుంది. చూడ్డానికి సౌకర్యం, కానీ పాప ఆలోచించడం మానేసి 1 నుంచి 9 దాకా వరసగా నొక్కుతోంది, ఎర్ర రాకపోతే అదే జవాబు. రెండు పజిళ్లకొక ప్రకటన. వారంలో తీసేశాను. పుస్తకం ఎర్రగా చూపించదు, తప్పు ఎక్కడ మొదలైందో మనమే వెనక్కి వెతుక్కోవాలి, ఆ వెతుకులాటలోనే బుర్ర పనిచేస్తోంది. ఇది మా ఇంటి అనుభవం, మీ పిల్లలు వేరేగా ఉండొచ్చు.

ఉపయోగం ఉందా అంటే, మొన్న కూరగాయల బండి దగ్గర బెండకాయలు 40, మిరపకాయలు 15, రెండు వందల నోటు ఇచ్చాం. వేళ్లు బయటికి రాలేదు. "55కి 45 కలిపితే వంద, ఇంకో వంద, 145" అంది. బండివాడు 135 ఇచ్చాడు, అడిగి పది తీసుకుంది. ఎక్కాలు ఇంకా గట్టిగా రావు, భాగహారం అంటే భయం అలాగే ఉంది, ఈ పుస్తకం వాటికి పనిచేయదు. కూడికకీ, ఓపికకీ మాత్రం పనిచేస్తుంది. మూడో తరగతి లోపు పిల్లలకైతే మొదటి ముప్పై పేజీలే పనికొస్తాయి, దానికి 180 ఎక్కువ. నాలుగు, అయిదు, ఆరు తరగతుల వాళ్లకి కొనొచ్చు, పక్కన పెద్దవాళ్లు ఒకరు కూర్చునేట్టయితే. అయిదుకి మూడున్నర ఇస్తాను, ఆ అర మార్కు ఫోన్ ఎత్తి మర్యాదగా మాట్లాడినందుకు.

పుస్తకం ఇప్పుడు 78వ పేజీలో ఉంది. షాపతన్ని అడిగితే రెండో భాగం పండగ తర్వాత వస్తుందన్నాడు, ఒకటి పక్కన పెట్టమన్నాను. ఇంటికొచ్చి చెప్తే మావయ్య గారు కళ్లజోడు పైనుంచి చూసి "రెండు చెప్పమ్మా" అన్నారు.